కారవాన్ లాగడానికి ఏ ఫోర్ బై ఫోర్‌ను నమ్మొచ్చు? కంపెనీ పేరు కన్నా ముందు చూడాల్సినవి

"అక్కా, టొయోటా తీసుకోమంటావా, నిస్సాన్ తీసుకోమంటావా?" అని మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు.

"నీ కారవాన్ బరువెంత?" అన్నాను.

"బ్రోచర్‌లో రెండు టన్నులని రాసుంది."

"అది ఖాళీ బరువురా. నీళ్ల ట్యాంకులు నింపి, గ్యాస్ సిలిండర్లు పెట్టి, మీ సామానంతా సర్దాక ఎంత?"

వాడి దగ్గర దానికి జవాబు లేదు. చాలామంది దగ్గర ఉండదు. కంపెనీ పేరు దగ్గర మొదలుపెట్టి బండి కొంటారు, బరువు సంగతి దారిలో తెలుస్తుంది. నేను పదకొండేళ్లుగా కారవాన్, అంటే బండి వెనక కట్టుకునే చక్రాల ఇల్లు, లాగుతున్నాను. బండి నడిపేది నేను. పక్కన కూర్చుని కూలెంట్, గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతలు నోట్‌బుక్‌లో రాసేది మా వారు. ఆ నోట్‌బుక్కులు ఇప్పటికి నాలుగయ్యాయి. తమ్ముడికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మా మొదటి బండి గేర్‌బాక్స్ ఒక పొడవాటి ఘాట్ రోడ్డు మీద పోయింది. అది ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. మూడు టన్నులు లాగగలదని పుస్తకంలో ఉంది. మా కారవాన్ సామానుతో కలిపి 2,400 కిలోలు. ఇంకా ఆరువందల కిలోల వెసులుబాటు ఉందని ధైర్యంగా ఉన్నాం. ఎక్కడం మొదలుపెట్టాక గేర్ ఆరు నుంచి ఐదుకు, ఐదు నుంచి ఆరుకు మారుతూనే ఉంది. నేను పట్టించుకోలేదు. కాసేపటికి మాడు వాసన వచ్చింది, తర్వాత డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, ఆ తర్వాత ఇంజన్ మోత పెరుగుతోంది గానీ బండి కదలడం లేదు. గేర్‌బాక్స్ విప్పినప్పుడు లోపలి ఆయిల్ నల్లగా ఉంది. 1,30,000 కిలోమీటర్లు తిరిగిన బండి, ఆ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. మాకు ముందు ఉన్న యజమాని కూడా దాంతో పడవ ట్రైలర్ లాగేవాడని అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి నేను 'నమ్మకమైన బండి' అన్న మాటను వేరేగా చూస్తున్నాను. ఖాళీగా తిరిగేటప్పుడు ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టని బండి, వెనక రెండున్నర టన్నులు కట్టగానే వేరే బండి అవుతుంది. కాబట్టి మీకు కావాల్సింది కంపెనీ పేరు కాదు. ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం, ఎంత బరువు, ఎలా చూసుకున్నారు అన్న ఐదింటికీ కలిపి ఒక జవాబు.

ముందు కాటా మీదికి

కారవాన్‌ను ప్రయాణానికి సర్దినట్టే సర్ది, నీళ్లు నింపి, వే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. మూడు అంకెలు కావాలి: కారవాన్ మొత్తం బరువు, టో బాల్ (కారవాన్‌ను తగిలించే బండి వెనక గుండు) మీద పడే భారం, మీరంతా ఎక్కి కూర్చున్నాక బండి బరువు. టో బాల్ భారం కొన్నిచోట్ల కారవాన్ బరువులో పది శాతం దాకా ఉండేలా డిజైన్ చేస్తారు, యూరప్ కారవాన్లలో ఐదు నుంచి ఏడు శాతమే. ఇది మరీ తక్కువైతే కారవాన్ తోక ఊపుతుంది, మరీ ఎక్కువైతే బండి వెనకభాగం కుంగుతుంది.

ఇప్పుడు బండి పుస్తకం తీయండి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే '3500 కిలోలు' బ్రేకులున్న ట్రైలర్‌కు గరిష్ఠ పరిమితి మాత్రమే. అసలు పట్టుకోవాల్సింది జీసీఎం, అంటే బండి, కారవాన్ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. ఉదాహరణకు జీసీఎం 6000 కిలోలున్న బండి చూడండి. 3500 కిలోలు లాగుతుంటే బండికి మిగిలింది 2500 కిలోలు. ఖాళీ బండే 2200 ఉంటే, మనుషులకూ సామానుకూ కలిపి 300 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే అది అయిపోయినట్టే. బండి చెడ్డది కాదు, లెక్క అలాంటిది.

టో బాల్ భారం ఇంకో చిత్రం చేస్తుంది. 240 కిలోలు బాల్ మీద పెడితే వెనక ఇరుసు మీద 240 మాత్రమే పడుతుందని అనుకుంటాం. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2.8 మీటర్లు ఉండి, బాల్ వెనక ఇరుసుకు 1.2 మీటర్లు అవతల ఉంటే, వెనక ఇరుసు మీద పడేది దాదాపు 343 కిలోలు. ముందు ఇరుసు మీద నుంచి 103 కిలోలు తగ్గుతుంది. చిన్నప్పుడు ఊగిన తూగుడుబల్ల సూత్రమే. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పట్టు, బ్రేకు పట్టు రెండూ తగ్గుతాయి. వెనక స్ప్రింగులు, టైర్లు, వీల్ బేరింగులు అదనపు భారం మోస్తాయి. డబుల్ క్యాబ్ పికప్‌లలో క్యాబిన్ వెనక ఛాసిస్ వంగిపోయిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. వెనక కుంగుతోందని స్ప్రింగుల మధ్య ఎయిర్‌బ్యాగులు పెట్టి, ఇరుసుకు బాగా వెనకగా సామాను, కారవాన్ భారం వేసిన బండ్లు అవి చాలావరకు. ఎయిర్‌బ్యాగ్ బండిని పైకి లేపుతుంది గానీ బరువును తగ్గించదు. భారం పడే చోటును స్ప్రింగుల రెండు చివర్ల నుంచి ఛాసిస్ మధ్య ఒక్క బిందువుకు మారుస్తుంది.

నా నియమం ఒకటి చెప్తాను. పుస్తకంలోని పరిమితిలో ఎనభై శాతం దాటకుండా లాగుతాను. ఇది చట్టం కాదు. మా మొదటి బండిలా ఆయిల్ మార్చకుండా వదిలేయకపోతే, నా అనుభవంలో ఆ ఇరవై శాతం వెసులుబాటే ఎండాకాలపు ఎక్కుడులో, ఎదురుగాలిలో గేర్‌బాక్స్‌ను కాపాడుతోంది.

ఒకే బ్యాడ్జి, వేర్వేరు గుండెలు

కంపెనీ పేరు చూసి నమ్మకూడదని ఎందుకంటున్నానో నిస్సాన్ పెట్రోల్ బండి చెప్తుంది. 'పెట్రోల్' అంటే ఇంధనం కాదు, గస్తీ అనే అర్థంలో ఆ బండి పేరు. పాత టీడీ42 అనే 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో వచ్చిన పెట్రోల్‌ను ఇప్పటికీ జనం వెతికి కొంటారు. నెమ్మదిగా లాగుతుంది, కానీ ఏళ్లకేళ్లు లాగుతుంది. 2000 ప్రాంతంలో ఆ బండి వై61 అనే మోడల్ బాడీలోకే జెడ్‌డీ30 అనే మూడు లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ వచ్చింది. ఆ తొలి ఏళ్ల ఇంజన్లు భారం కింద పిస్టన్లు కరిగి పోవడానికి పేరుపడ్డాయి. బండి అదే, బ్యాడ్జి అదే. తర్వాతి వై62లో 5.6 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజన్ పెట్టారు. లాగడంలో దానికి తిరుగులేదు, కానీ కారవాన్ కట్టాక వంద కిలోమీటర్లకు ఇరవై లీటర్లు దాటి తాగుతుంది. ఈ మూడింటికీ కలిపి 'నిస్సాన్ మంచిదా?' అన్న ప్రశ్నకు ఏమని జవాబు చెప్పాలి?

టొయోటా గురించి అడిగేవాళ్లే ఎక్కువ. ల్యాండ్ క్రూజర్‌కు వచ్చిన పేరు ఊరికే రాలేదు. 1951లో బీజే పేరుతో మొదలైన ఆ వంశం విడిభాగాల లభ్యతలో, ఛాసిస్ గట్టిదనంలో నిజంగా ముందుంది. 200 సిరీస్‌లోని 4.5 లీటర్ల వీ8 డీజిల్ కారవాన్ వాళ్లకు ఇష్టమైన ఇంజన్. అయినా దాని స్టార్టర్ మోటార్ రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో, ఇన్‌టేక్ కింద ఉంటుంది. మార్చాల్సి వస్తే చాలా విప్పాలి. పాత బండి కొనేవాళ్లు స్టార్టర్ ఎప్పుడు మార్చారో అడిగి తీరాలి. 2021లో వచ్చిన 300 సిరీస్‌లో 3.3 లీటర్ల వీ6 డీజిల్, పది గేర్ల ఆటోమేటిక్.

ఇక ప్రాడో, హైలక్స్, ఫార్చ్యూనర్‌లలోని 2.8 లీటర్ల డీజిల్ సంగతి. 2015 అక్టోబర్ నుంచి 2020 ఏప్రిల్ వరకు ఆస్ట్రేలియాలో అమ్మిన ఈ బండ్లలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, లోపం మీద పెద్ద కేసు నడిచింది. నిలకడగా హైవే వేగంతో నడిపేవాళ్ల బండ్లలో ఆ ఫిల్టర్ తనను తాను సరిగ్గా శుభ్రం చేసుకోలేకపోయేది, తెల్లటి పొగ వచ్చేది. 2,60,000కు పైగా బండ్ల మీద 2022లో అక్కడి ఫెడరల్ కోర్టు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఇంకొకటి: 2024లో అమెరికాలో టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్‌ల ట్విన్ టర్బో వీ6 పెట్రోల్ ఇంజన్లలో తయారీ నాటి లోహపు తుక్కు మిగిలిపోయిందని దాదాపు లక్ష బండ్లను వెనక్కి పిలిచారు. వీటి వల్ల టొయోటా చెడ్డదని నేననను. మా రెండో బండి కొనేటప్పుడు నా జాబితాలో మొదటి పేరు అదే. కానీ టొయోటా అన్న ఒక్క మాటతో పరీక్ష మానేయకూడదు.

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, 4 వెనక కారవాన్ ఉన్నట్టే అనిపించదని నడిపినవాళ్లంతా చెప్తారు, నేనూ ఒప్పుకుంటాను. వెనక భారం పడగానే ఎయిర్ సస్పెన్షన్ బండిని సమంగా నిలబెడుతుంది. స్థిరంగా లాగడానికీ, నమ్మకంగా ఏళ్లు గడవడానికీ మధ్య తేడా చూపించేదీ ఇదే బండి. అందులోని 2.7, 3.0 లీటర్ల వీ6 డీజిల్‌లు క్రాంక్ బేరింగులు పోయి, క్రాంక్‌షాఫ్ట్ విరిగిన ఉదంతాలకు పేరుమోశాయి. ఎయిర్ కంప్రెసర్ కూడా వయసు మీదపడితే మార్చక తప్పదు. కొన్ని పనులకు బాడీని ఛాసిస్ మీద నుంచి పైకి లేపేస్తారు. ఆయిల్ తొందరగా మార్చుకుంటూ, దగ్గర్లో ఆ బండి తెలిసిన మెకానిక్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఇసుజు డీ-మ్యాక్స్, ఎంయూ-ఎక్స్‌లలోని మూడు లీటర్ల 4జేజే1 ఇంజన్‌ను అదే కంపెనీ చిన్న లారీల్లో కూడా వాడారు. మోత ఎక్కువ, సొగసు తక్కువ, కానీ టైమింగ్ చైన్‌తో నడిచే ఈ ఇంజన్ మీద నాకు నమ్మకం ఎక్కువ. మిత్సుబిషి పజెరో 3.2 డీజిల్ కూడా మొండి బండే. దానితో చిక్కు వేరే చోట ఉంది. మూడు టన్నులు లాగుతుందని రాసుంటుంది, కానీ ఆస్ట్రేలియా స్పెక్‌లో కారవాన్ 2500 కిలోలు దాటితే టో బాల్ మీద 180 కిలోలే అనుమతి. పది శాతం లెక్కతో కట్టిన బరువైన కారవాన్‌కు అది సరిపోదు.

ఫోర్డ్ రేంజర్, ఎవరెస్ట్‌లలోని (ఎవరెస్ట్ అంటే మనకు ఎండీవర్‌గా తెలిసిన బండే) 3.2 లీటర్ల ఐదు సిలిండర్ల ఇంజన్ బాగా లాగుతుంది. ఒక్క విషయం మాత్రం గుర్తుండాలి: ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్ దించి పది నిమిషాల్లోపే కొత్తది పోయాలి. ఎక్కువసేపు ఖాళీగా వదిలితే ఆయిల్ పంపు పట్టు తప్పి, స్టార్ట్ చేశాక ఆయిల్ పైకి రాదు, ఇంజన్ పోతుంది. రాత్రంతా ఆయిల్ కారనిద్దాం అనుకునే మంచి మెకానిక్ చేతిలోనే ఇది జరుగుతుంది. సర్వీసుకిచ్చేటప్పుడు నోటితో చెప్పండి.

పాత బండి దగ్గరికి వెళ్లినప్పుడు

పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉండగా. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే మీరు వచ్చేముందే ఎవరో స్టార్ట్ చేశారని అర్థం. అలాంటప్పుడు ఇంకో రోజు వస్తానని వెనక్కి రండి. నేను రెండుసార్లు అలా వచ్చేశాను.

కూలెంట్ మూత తీసి రంగు చూడండి. చాలా ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాలు రేడియేటర్ లోపలే ఉంటాయి. ఆ గోడ చిట్లితే కూలెంట్, గేర్ ఆయిల్ కలిసిపోయి గులాబీ రంగు నురగ అవుతుంది, గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. 2005 నుంచి 2010 మధ్య నిస్సాన్ పాత్‌ఫైండర్‌లకు ఇదే పెద్ద రోగం. అలాంటి బండి కొనాలనుకుంటే రేడియేటర్ మార్చిన బిల్లు అడగండి. లేకపోతే కొన్న వారంలోనే రేడియేటర్ మార్చి, విడిగా ఒక ట్రాన్స్‌మిషన్ కూలర్ పెట్టించండి.

కింద పడుకుని చూడటానికి మొహమాటపడొద్దు. ఒక పాత దుప్పటి, మంచి టార్చి తీసుకెళ్లండి. టో బార్ ఛాసిస్‌కు బిగించిన బోల్టుల చుట్టూ తుప్పు గీతలు, సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. టో బాల్ ఒకవైపు అరిగి మెరుస్తుంటే అది చాలా దూరం లాగిన బండి. అమ్మేవాడు "ఎప్పుడో ఒకసారి లాగాం" అంటున్నా బాల్ అబద్ధం చెప్పదు. ట్రైలర్ బ్రేకుల వైరింగ్ ఎక్కడ పడితే అక్కడ కోసి టేపు చుట్టి ఉంటే, బండి మిగతా పనులూ అలాగే చేయించి ఉంటారని నేననుకుంటాను.

ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌కు తగిలించి దాని లెక్కలు, లోపాల కోడ్‌లు చదివే పరికరం, మీ దగ్గర ఉండాల్సిందే. కూలెంట్, గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతలు, డీపీఎఫ్‌లో మసి ఎంత పేరుకుందో చూడండి. కోడ్‌లు ఒక్కటీ లేకపోతే సంతోషించే ముందు, వాటిని చెరిపేసి ఎంతసేపయిందో కూడా చాలా స్కానర్లు చూపిస్తాయి, అది చూడండి.

వీలైతే మీ కారవాన్ కట్టి, లేదంటే అద్దె ట్రైలర్ మీద బరువు వేసి, ఒక ఎక్కుడు మీద నడపండి. చదును రోడ్డు మీద పావుగంట నడిపితే ఏమీ తెలియదు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే కనీసం ఖాళీగానైనా అదే ఎక్కుడు ఎక్కించి, గేర్ వెతుక్కుంటోందా, ఉష్ణోగ్రత పైకి పోయి తిరిగి దిగుతోందా చూడండి. వేడెక్కడం తప్పు కాదు, ఎక్కుడు అయిపోయాక దిగకపోవడం తప్పు.

కొన్నాక నమ్మకం మీ చేతుల్లో

సర్వీసు పుస్తకంలో 'కఠిన పరిస్థితులు' అని ఇంకో షెడ్యూల్ ఉంటుంది. ట్రైలర్ లాగడం అందులో పేరుపెట్టి రాసి ఉంటుంది. మీరు దాన్నే పాటించాలి. ఇంజన్ ఆయిల్ మామూలు గడువులో సగానికే మారుస్తాను. గేర్‌బాక్స్ ఆయిల్ 'జీవితకాలం' ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. డిస్కవరీతో సహా ఎన్నో బండ్లకు గేర్‌బాక్స్‌లు చేసిచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటోంది. లాగే బండికి నేను 50,000 దాటనివ్వను.

నడిపేటప్పుడు ఒక్క పని చేస్తే చాలా మేలు. ఎక్కుడు కనిపించగానే గేర్‌ను మాన్యువల్‌లోకి మార్చి ఒక గేర్ కిందికి దించి, అక్కడే ఉంచండి. గేర్ మారుతూ ఉన్నంతసేపూ, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో ఆయిల్ ద్వారా కలిపే టార్క్ కన్వర్టర్ లాక్ వదులుతూ ఉంటుంది. జారుతున్న ఆ సమయంలో ఇంజన్ శక్తిలో కొంత చక్రాలకు చేరకుండా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. మా మొదటి గేర్‌బాక్స్‌ను చంపింది ఆ వేడే. ఇంజన్ మోత కాస్త పెరుగుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. ఇప్పటి బండిలో మా నోట్‌బుక్ ప్రకారం గేర్‌బాక్స్ మామూలుగా 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. 110 దాటితే మా వారు గట్టిగా చదువుతారు, నేను వేగం తగ్గిస్తాను. 120కి చేరితే పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తూ ఉండగా చల్లబడనిస్తాం. వెంటనే ఇంజన్ ఆపేస్తే ఆయిల్ తిరగడం ఆగిపోయి వేడి అక్కడే నిలిచిపోతుంది, టర్బోకు కూడా మంచిది కాదు.

కారవాన్ యాత్రలు లేని నెలల్లో డీజిల్ బండిని కూరగాయల సంచికోసం రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేయడం డీపీఎఫ్‌కు చేటు. మసి కాలాలంటే పొగ గొట్టం వేడెక్కాలి. వారానికోసారి అరగంటైనా ఆగకుండా నడపండి.

చివరిగా, బండి ఎంత మంచిదైనా ఒక రోజు ఆగుతుంది. మీరు తీసుకున్న బ్రేక్‌డౌన్ సహాయం కారవాన్‌ను కూడా తీసుకెళ్తుందా, ఎంత పొడవు, ఎంత బరువు వరకు అన్నది ఇంట్లో ఉండగానే చదవండి. మా బండి ఆగిన రోజు లారీ బండిని ఎక్కించుకుని వెళ్లింది, కారవాన్ దారి పక్కనే మిగిలింది. రెండో లారీ వచ్చేదాకా ఏడు గంటలు అక్కడే ఉన్నాం.

నిన్న తమ్ముడు కాటా స్లిప్ ఫోటో పంపాడు: కారవాన్ 2,380 కిలోలు, టో బాల్ మీద 255. రెండు టన్నులనుకున్నది అది. వాడు చూసిపెట్టుకున్న రెండు బండ్లలో ఒకటి బాల్ భారం దగ్గరే జాబితా నుంచి పోయింది. రెండోదాన్ని చూడటానికి ఆదివారం పొద్దున్న ఆరింటికి ఇద్దరం వెళ్తున్నాం. దుప్పటి నాది, టార్చి వాడిది.